కాకులమెరక అడంగల్

రాజమండ్రిలో పాత సర్కారు రికార్డులు దాచే ఆఫీసొకటి ఉండేది. అందులో జీతం తీసుకుని పని చెయ్యనివాళ్ళు ఎనిమిదిమంది. జీతం లేకుండా పని చేసే మనిషి ఒక్కరే, సంపూర్ణమ్మ. ఉదయం పదింటికి తలుపు తీసే వేళకి గొడుగు, టిఫిను డబ్బా పట్టుకుని మెట్లమీద నిలబడి ఉండేది. ఉద్యోగస్తులు పదకొండింటికి ఒకరొకరే వస్తుంటే గోడ గడియారం వంక ఒకసారి, వాళ్ళ మొహాల వంక ఒకసారి చూసేది. ఆ చూపు పడలేక సూపరింటెండెంటు చంద్రరావు వెనక గుమ్మంలోంచి రావడం అలవాటు చేసుకున్నాడు.

ఆవిడ అక్కడికి చేరడం కూడా ఒకరిని వెక్కిరించడంతోనే మొదలైంది. బాలికల హైస్కూల్లో గుమాస్తాగా చేసి తొంభై మూడులో రిటైరైంది. పెళ్ళీ పెటాకులూ లేవు. అద్దె వాటాలో ఒక్కత్తే ఉండి, టీవీ ముందు కూచుని ఎవరి కష్టాలకో ఏడ్చే ఇరుగుపొరుగుని చూసి మూడేళ్ళు విసుక్కుంది. తొంభై ఆరులో ఇంటిగలావిడ తమ స్థలం కాగితమేదో కావాలని తోడు రమ్మంటే ఈ ఆఫీసుకొచ్చింది. లోపల గణేష్‌బాబు అనే కాలేజీ లెక్చరరు ఒక పాత కట్ట ముందేసుకుని, చంద్రరావుకి గొంతెత్తి చదివి వినిపిస్తున్నాడు. అది గొలుసుకట్టు రాత. పూర్వం కరణాలు కలం ఎత్తకుండా, మాటకీ మాటకీ మధ్య జాగా వదలకుండా, అక్షరాన్ని అక్షరానికి లంకె వేసి రాసుకుపోయే రాత. గణేష్‌బాబు దాన్ని ఊహించి చదువుతున్నాడు. కాలవలో పూడిక తీసిన కూలీల జాబితా అది. దాన్ని జమీందారుగారి సైన్యంగా నిర్ణయించి, అప్పటికే ఓ వ్యాసం కూడా రాసి పడేశాడు. సంపూర్ణమ్మ పగలబడి నవ్వింది.

"ఏంటండీ అంత నవ్వు?" అన్నాడు గణేష్‌బాబు.

"మీ సైన్యం చేతిలో కత్తులు లేవండీ, పారలున్నాయి. పైగా వాళ్ళకి మధ్యాహ్నం అంబలి పోశారని కూడా ఉంది" అని, నిలబడే ఆ కాగితం మొత్తం గడగడా చదివేసింది.

జీతం అడగకుండా చదివిపెట్టే మనిషి దొరికిందని చంద్రరావుకి ఆ క్షణంలోనే అర్థమైంది. కుర్చీ తెప్పించి వేశాడు. సర్వీసు మొత్తంలో అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆ కుర్చీలో కూచున్న సంపూర్ణమ్మకి లోకాన్ని చూసి చీదరించుకోవడానికి కావలసినంత సరుకు దొరికింది. తాత జమీందారని విని కారేసుకుని వచ్చేవాళ్ళు. ఆ తాత జమీందారుగారి గుర్రాలకి గడ్డి కోసేవాడని రికార్డులో తేలితే, "అది కాకుండా ఇంకో రికార్డేమీ లేదాండీ?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. "ఉందండీ. మీ తాతగారు గడ్డి సరిగ్గా కొయ్యలేదని జరిమానా వేసిన రికార్డుంది, తియ్యమంటారా?" అనేది. ఆఫీసు వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కుర్చీ ఎత్తు చాలకపోతే నూరేళ్ళనాటి రిజిస్టరు కింద వేసుకునేవాడొకడు, ఇడ్లీ పొట్లం విప్పుకోవడానికి మరో రిజిస్టరు పరుచుకునేవాడొకడు. ఈ ఆఫీసులో రికార్డులు శ్రద్ధగా చూసేవి చెదపురుగులొక్కటేనని వాళ్ళ మొహానే అనేది. గణేష్‌బాబుకి మటుకు రోజుకో గంట గొలుసుకట్టు నేర్పేది. నేర్పుతూ, "మీరు పాఠాలు చెప్పే పిల్లల్ని తల్చుకుంటే జాలేస్తుందండీ" అని వడ్డించేది. అతను పళ్ళు బిగించి నేర్చుకున్నాడు.

మనుషులు చెప్పే మాటంటే ఆవిడకి లెక్కలేదు. మనుషులు మర్చిపోతారు, అవసరాన్ని బట్టి మార్చేస్తారు, లేకపోతే అల్లేస్తారు. రాసి ఉన్నదే నిజం. ఈ మాట రోజుకు నాలుగుసార్లయినా ఎవరో ఒకరికి చెప్పేది.

ఇంత గొలుసుకట్టు ఎక్కడ నేర్చావని అడిగితే, "మా నాన్నగారు కరణం" అని ఊరుకునేది. మిగతాది ఎవరికీ చెప్పలేదు. కోనసీమలో సముద్రం దగ్గర కాకులమెరక వాళ్ళ ఊరు. ఆవిడకి పదిహేనేళ్ళప్పుడు తండ్రి కళ్ళకి శుక్లాలు కమ్మాయి. కళ్ళు కనిపించని కరణాన్ని సర్కారు ఉంచదు. అప్పట్నుంచి ఊరి లెక్కలన్నీ ఈ పిల్లే, అచ్చం తండ్రి దస్తూరీతో, లోపలి గదిలో కూచుని రాసింది. కింద సంతకం పెట్టే చోటు వేలు పట్టుకుని చూపిస్తే, ఆయన గీసేవాడు. ఏటేటా ఊరి లెక్కలు తనిఖీ చేసే జమాబందీలో తహసీల్దారు ఆ దస్తూరీని మెచ్చుకుంటే ఆయన మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. పిల్లకి సంబంధాలొచ్చాయి. వచ్చిన ప్రతిదానికీ ఆయన ఒక వంక పెట్టాడు. ఈ పిల్ల వెళ్ళిపోతే అడంగల్ ఎవరు రాస్తారు? ఏ సర్వే నంబరులో ఏముంది, ఎవరున్నారు అని ఏటా రాసే లెక్క అది. ఆయన పోయాక ఉద్యోగం తమ్ముడికొచ్చింది. సంపూర్ణమ్మకి దస్తూరీ మిగిలింది. ఎనభై నాలుగులో సర్కారు కరణాలందర్నీ ఒక్క కలం పోటుతో తీసేసినప్పుడు తమ్ముడి కోసం అందరూ ఏడ్చారు. ఆవిడ ఏడవలేదు. ఊళ్ళనుంచి లాక్కొచ్చిన లెక్కల కట్టలు కొన్ని చేతులు మారి, కొన్ని వానలో నాని, చివరికి ఈ ఆఫీసు గోడలకి చేరాయి.

రెండువేల సంవత్సరం ఏప్రిల్లో పెద్దింట్లమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. చేపలు అమ్మి అమ్మి బొంగురుపోయిన గొంతు, చేతిలో ప్లాస్టిక్ సంచి. చంద్రరావు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "అమ్మగారి దగ్గరికెళ్ళు, అటు" అని చెయ్యి చూపించాడు. అక్కడే ఓ బల్ల దగ్గర గణేష్‌బాబు తన కట్టలు విప్పుకుని ఉన్నాడు.

"మాది మొగపాలెం అండి. కాకులమెరక శివారు, ఏటికి అవతల" అంది పెద్దింట్లమ్మ.

సంపూర్ణమ్మ కళ్ళజోడు సర్దుకుంది. తనదీ ఆ ఊరేనని చెప్పలేదు. ఇలాంటివాళ్ళతో చుట్టరికాలు కలిపితే అడ్డమైన పనులూ నెత్తికెక్కుతాయని ఆవిడకి తెలుసు.

విషయం ఇదీ. మొగపాలెంలో నలభై గడప. చేపలు పట్టుకు బతికేవాళ్ళు. చుట్టూ రొయ్యల చెరువులొచ్చేశాయి. భీమవరం నుంచి బంగార్రాజు అనే చెరువుల ఆసామి ఆ నేలంతా తనదని పట్టా పుట్టించాడు. మీరంతా మొన్న మొన్న వచ్చి కూచున్నవాళ్ళు, లేచిపొమ్మన్నాడు. అమలాపురంలో ఆర్డీవో దగ్గర విచారణ ఇరవయ్యో తారీకున. అంతలోగా తాము పాతకాలంనుంచీ అక్కడే ఉన్నట్టు సర్కారు లెక్క చూపించాలి. లేకపోతే నలభై గడపా వలలూ తెడ్లూ నెత్తిన పెట్టుకుని లేచిపోవాలి.

"ఏం ఆధారముంది నీ దగ్గర?" అంది సంపూర్ణమ్మ.

"మా యమ్మ అక్కడే పుట్టిందండి. మా తాతా అక్కడోడేనండి."

"అది నోటిమాట. నోటితో నేను కలెక్టర్ననీ అంటాను."

"లెక్కల్లో మా ఇళ్ళు ఉన్నాయండి" అంది పెద్దింట్లమ్మ తొణక్కుండా. "తీసి సూడండి."

ఆ నిబ్బరం సంపూర్ణమ్మకి నచ్చలేదు. అటెండరు సత్తియ్యని పిలిచి కాకులమెరక కట్ట దింపించింది. గుడ్డ విప్పుతుంటే లోపల కొంచెం గర్వంగానే ఉంది. తాలూకా మొత్తంలో అంత శుభ్రమైన లెక్కలు లేవు. నలుగురూ వింటారని గొంతు పెంచింది.

"పదమూడువందల అరవై ఫసలీ. అంటే యాభై, యాభైయొకటి. సర్వే నంబరు రెండువందల పన్నెండు. బంజరు. ఖాళీ. విన్నావా? ఖాళీ. ఆ తరవాతేడు, నిరుటి ప్రకారం. ఆ తరవాతేడు, నిరుటి ప్రకారం. ఎనిమిదేళ్ళూ అదే. అక్కడ మనిషన్నవాడు లేడు. మీరు ఎప్పుడో తరవాత వచ్చి కూచున్నారు. ఆ మాటేదో ఒప్పుకుంటే గౌరవంగా ఉంటుంది."

గణేష్‌బాబు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. పెద్దింట్లమ్మ మటుకు కదల్లేదు.

"లేదండి. రాశారండి."

"నీకెవరు చెప్పారు రాశారని?"

"మా తాత సెప్పాడండి. పెద్ద గాలివాన ఎల్లిన మరుసటేడు మా తాత ఏరు దాటెల్లి కరణంగారి అరుగు కాడ నిలబడ్డాడండి. బాబూ, మా ఇళ్ళు ఎప్పుడూ సూడ్డానికి రారు, లెక్కలో రాయండి బాబూ అని అడిగాడంట. కరణంగారు ఏం మాటాడలేదంట. లోపల్నించి ఓ ఆడపిల్ల గొంతు, 'రాశాంలే, పొమ్మను' అందంటండి. సదువుకున్న పిల్లంట. మా తాత దండం పెట్టి వచ్చేశాడు. ఆయ్. పోయేముందు కూడా మా అందరికీ అదే సెప్పాడండి, భయపడకండి, మనం లెక్కలో ఉన్నాం అని."

సంపూర్ణమ్మ చేతిలో పేజీ అలాగే నిలిచిపోయింది.

ఆవిడకి ఆ తాత మొహం గుర్తులేదు. చూడనే లేదు. గుర్తున్నది తన విసుగు. జమాబందీ దగ్గర పడింది, రాయాల్సిన నంబర్లు వందలున్నాయి, వేళ్ళు నొప్పెడుతున్నాయి. బయటెవరో గంటసేపట్నుంచి వదలకుండా నసుగుతున్నారు. తగువు తెంపెయ్యడానికి ఒక మాట అనేసింది. ఆ మాటనీ ఆవిడ ఆ సాయంత్రానికే మర్చిపోయింది.

అసలు అడంగల్ రాయాలంటే ముందు అజమాయిషీ చెయ్యాలి. కరణమనేవాడు ఊరి నేలంతా కాలినడకన తిరిగి, కళ్ళతో చూసి రాయాలి. కళ్ళు లేని కరణం ఎక్కడ తిరుగుతాడు? పదిహేనేళ్ళ ఆడపిల్లని ఏరు దాటించి జాలర్ల మధ్యకి ఎవరు పంపిస్తారు? ఆ పిల్ల నిరుటి పుస్తకం పక్కన పెట్టుకుని, చూసి దించేసింది. నిరుటిది తండ్రి అంతకుముందుది చూసి దించాడు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళి చూసే ఉంటారని అందరి నమ్మకం. ఆ జిల్లాలో సగం ఊళ్ళ లెక్కలు అరుగుల మీదే పుట్టాయని కరణాల ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. తెలిసే, నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో కూచుని, రాసి ఉన్నదే నిజమని జనాన్ని దులిపేసింది.

"రేపు రా" అంది. వెంటనే, "వద్దు. మీ ఊరికి నేనే వస్తాను" అంది.

మర్నాడు బస్సెక్కి రావులపాలెం, అక్కణ్ణుంచి అమలాపురం, ఆ పైన ఆటో. కాకులమెరకలో దిగి, తన పుట్టింటి వైపు తల తిప్పకుండా నడిచింది. ఊరినుంచి ఏటి గట్టుకి అరగంట నడక. గట్టునుంచి నావ మీద పది నిమిషాలు. అంతే. యాభై ఏళ్ళపాటు ఆవిడా, ఆవిడ తండ్రీ, తాతా చెయ్యలేకపోయిన ప్రయాణం అదే. తనమీద తనకి రోత పుట్టింది.

పాలెం చుట్టూ రొయ్యల చెరువుల్లో ఇంజన్లు నీళ్ళు చిలుకుతున్నాయి. పెద్దింట్లమ్మ ఆవిణ్ణి ఆ తాతకి కోడలైన తన మేనత్త మహాలక్ష్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎనభై దాటిన ముసలమ్మ, చూపు మందగించినా మాట గట్టిగానే ఉంది. ఆ గాలివాన తరవాత ఎన్ని ఇళ్ళు మిగిలాయని సంపూర్ణమ్మ అడిగితే, వేళ్ళు ముడుస్తూ ఇంటి పెద్ద పేరు, వాడి నావ పేరు, వాడెవరితో తగువు పడ్డాడో అన్నీ కలిపి చెప్పుకొచ్చింది. పద్నాలుగు ఇళ్ళు తేలాయి. సంపూర్ణమ్మ పుంతదారి వెంబడి నడిచి, ఏ ఇల్లు ఎక్కడుండేదో పెద్దింట్లమ్మ చేత చూపించుకుంది. అన్నీ తూర్పు వైపే. పడమటి వైపు పల్లపు ఉప్పు బాడవ, అక్కడ అప్పుడూ ఎవరూ లేరు. పాత నుయ్యి ఒరలు చేత్తో తడిమి చూసింది. ఆవిడ జీవితంలో చేసిన మొదటి అజమాయిషీ అదే.

"నీదే ఊరమ్మా?" అని మహాలక్ష్మమ్మ అడిగింది.

"రాజమండ్రి" అంది సంపూర్ణమ్మ.

"మా మావ మళ్ళీ అడగడానికి ఎల్లలేదమ్మా. ఎల్లమని నేనే పోరాను. సదువుకున్న పిల్ల అబద్ధం ఎందుకాడతాదే అని నన్నే కసిరాడు."

సంపూర్ణమ్మ మంచినీళ్ళు అడిగి తాగింది. ఆ ఇంట్లో నీళ్ళు తాగడం తండ్రి చూస్తే ఏమయ్యేవాడో అన్న ఆలోచన వచ్చి, ఆయన మీద కూడా ఒళ్ళు మండిపోయింది.

తిరిగి ఆఫీసుకొచ్చేసరికి బంగార్రాజు స్వయంగా వచ్చి కూచుని ఉన్నాడు. తెల్లబట్టలు, చేతిలో సెల్‌ఫోను. కాకులమెరక రెండువందల పన్నెండు నంబరు అడంగల్ నకలు కావాలని తన వకీలు చేత అర్జీ పెట్టించాడు. చంద్రరావు నిలబడే మాట్లాడుతున్నాడు. తన తండ్రి వచ్చినా అతను అంత వంగి ఉండడు.

"అక్కడ కొంగలు తప్ప ఎవరున్నారండీ ఏనాడైనా?" అన్నాడు బంగార్రాజు.

"ఖాళీ అనే ఉందండీ, మొన్న అమ్మగారు చదివారు. సోమవారానికి నకలు ఇచ్చేస్తాం సార్" అన్నాడు చంద్రరావు.

అది గురువారం. ఆ రెండు రోజులూ సంపూర్ణమ్మ అన్నం ముందు కూచుని ఆలోచించింది. వెళ్ళి ఆర్డీవో ముందు నిజం చెప్పొచ్చు. ఇది నా రాత, చూడకుండా రాశాను అని. అప్పుడేమవుతుంది? బంగార్రాజు వకీలు లేచి, ఈ ముసలావిడ ఏనాడూ కరణం కాదు, ఎవరో మాటలు నేర్పి తీసుకొచ్చారు అంటాడు. కరణంగారి సంతకం కింద స్పష్టంగా ఉంది మరి. ఆవిడే అధికారి కుర్చీలో ఉంటే ఆ కథ నమ్మి ఉండేది కాదు. అబద్ధానికి సంతకముంది, నిజానికి లేదు. ఇన్నాళ్ళూ తను దేనికి దండం పెట్టిందో అది ఇంతే.

ఇంకో దారి కూడా ఉంది. ఆ దారి ఈ భూమ్మీద ఒక్క మనిషికే ఉంది. ఆ రాత ఆవిడదే. ఆ చెయ్యి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో వాళ్ళంతా భోజనాలకని వెళ్ళారు. వెళ్తే మూడింటిదాకా రారని ఆవిడకి తెలుసు. రిజిస్టర్ల గది ఒక బయటి మనిషి చేతిలో వదిలేసి పోతున్నామన్న జ్ఞానం ఒక్కడికీ లేదు. సంచిలోంచి తండ్రి పాళీ కలం తీసింది. సిరా బిళ్ళ కరిగించి, కాఫీ డికాక్షన్ కలిపి, రెండు రోజులు చిత్తుకాగితం మీద ఎండబెట్టి తడిపి రంగు సరిచూసి తెచ్చింది. పదమూడువందల అరవై ఫసలీ పుస్తకం విప్పింది. బంజరు. ఖాళీ. పక్కన జాగా ఉంది. గొలుసుకట్టులో మాట ఎక్కడ ఆగిందో పాఠకుడికి తెలియదు, లంకె వేసుకుంటూ పోవడమే. 'ఖాళీ' తోక పట్టుకుని, కలం ఆనించి సాగించింది. ఖాళీ పడమటి భాగము మాత్రము, తూర్పు భాగమున పుంత వెంబడి జాలరి ఇండ్లు పదునాలుగు.

ఆ తరవాతి ఎనిమిది పుస్తకాలూ ముట్టుకోనక్కర్లేదు. వాటిలో నిరుటి ప్రకారం అని ముందే ఉంది.

తప్పు చేశానన్న బాధ కలగలేదు. యాభై ఏళ్ళ క్రితం అదే పేజీలో అబద్ధం రాసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, ఇప్పుడు నిజం రాస్తే నేరమట. ఆ ధర్మానికి మనసులోనే ఓ దణ్ణం పెట్టి, సిరా ఆరేదాకా విసనకర్రతో విసిరింది.

అసలు కష్టం సోమవారం మొదలైంది. నలుగురి ముందూ 'ఖాళీ' అని గొంతెత్తి చదివింది తనే. ఇప్పుడు తనే లేచి, కాదు ఇళ్ళున్నాయి అంటే చంద్రరావు లాంటివాడికి కూడా అనుమానం వస్తుంది. ఇంకొకరు కనిపెట్టాలి. గొలుసుకట్టు ఎంతో కొంత చదవగలిగే ఇంకొకరు ఆ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు.

సంపూర్ణమ్మ రిజిస్టరు పట్టుకెళ్ళి గణేష్‌బాబు బల్ల మీద పెట్టింది.

"నకలు తియ్యాలండీ. నా కళ్ళు ఈ మధ్య సరిగ్గా ఆనడం లేదు. ఒక్కసారి మీరు చూసి చెప్పండి" అంది.

నాలుగేళ్ళలో ఆవిడ నోట అలాంటి మాట రావడం అదే మొదలు. గణేష్‌బాబు కళ్ళజోడు తుడుచుకుని, వేలు ఆనించి, కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టాడు. బంజరు దాటాడు, ఖాళీ దాటాడు. అక్కడ ఆగి, వేలు వెనక్కి తెచ్చి మళ్ళీ చదివాడు. మొహం వెలిగిపోయింది.

"అయ్యయ్యో! మీరు ఖాళీ దగ్గరే ఆగిపోయారండీ! చంద్రరావుగారూ, ఇటు రండి. పడమటి భాగమే ఖాళీ. తూర్పున పద్నాలుగిళ్ళున్నాయి. అమ్మగారు సగమే చదివారు!"

ఆ సంతోషంలో సిరా రంగు చూసేంత తీరిక అతనికి లేదు. ఆవిడ నాలుగేళ్ళపాటు వాతలు పెట్టి నేర్పిన అక్షరాలు అతను ఆవిడ మొహం మీదికే విసిరాడు. సంపూర్ణమ్మ తల వంచుకుని, "అవునండీ, చూసుకోలేదు" అంది. జమీందారుగారి సైన్యం సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

చంద్రరావు నకలు మీద సంతకం చేసి, ముద్ర వేయించి, బంగార్రాజుకి ఒకటి, పెద్దింట్లమ్మకి ఒకటి ఇచ్చాడు. ఆ సాయంత్రమే ఒక కాగితం రాసి గోడకి అంటించాడు. ఇకమీదట సంపూర్ణమ్మగారు చదివినవి గణేష్‌బాబుగారు సరిచూసిన తరవాతే నకళ్ళు ఇవ్వాలని దాని సారాంశం. అటెండరు సత్తియ్య దాన్ని అందరికీ వినపడేలా చదివాడు. ఆ వారంలోనే ఆఫీసంతటికీ ధైర్యమొచ్చేసింది. పన్నెండింటికి వీధి గుమ్మంలోంచే వస్తూ, "కళ్ళెలా ఉన్నాయండీ?" అని పలకరించడం మొదలెట్టారు. ఆవిడ గడియారం వంక చూడ్డం మానేసింది.

మానేసిందని ఊరుకున్నది మటుకు కాదు. లోపల మునుపటికన్నా నాలుగింతలు చీదరింపు. కట్ట విప్పిన ప్రతిసారీ ఒక ప్రశ్న వచ్చి ఎదురుగా కూచునేది. ఇందులో ఏ వాక్యం ఏ పిల్ల విసుగులో రాసింది? ఏ తోక ఎవరు ఎప్పుడు సాగించింది? అచ్చం తనలాంటివాళ్ళు వందలమంది రాసిన కాగితాల మధ్య కూచుని, తను లోకానికి బుద్ధి చెప్పింది. వెళ్ళిపోవచ్చు, ఆపేవాళ్ళు లేరు. వెళ్ళిపోతే కళ్ళు పోయి మానేసిందంటారని, పంతానికి రోజూ పదింటికే వచ్చి మెట్ల మీద నిలబడేది.

జూన్‌లో పెద్దింట్లమ్మ మళ్ళీ వచ్చింది. ఆర్డీవో పట్టా కొట్టేశాడు. పాలెం నిలబడింది. పంచాయతీలో దాఖలు చెయ్యడానికి ఇంకో నకలు కావాలట. ఆఫీసు నిండా జనం ఉన్నారు. గణేష్‌బాబు ఆవిణ్ణి చూడగానే లేచి, కుర్చీ వేయించి, తను కనిపెట్టిన వైనం కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట్నుంచీ చెప్పాడు. పెద్దింట్లమ్మ అతనికి చేతులెత్తి దండం పెట్టింది. తరవాత సంపూర్ణమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నేను సెప్పానాండి, లేదాండి?"

"చెప్పారు" అంది సంపూర్ణమ్మ.

"మొన్న వచ్చి కూచున్నోళ్ళమన్నారు. ఒప్పుకుంటే గౌరవమన్నారు. ఇంతమందిలో అన్నారండి."

"అన్నాను."

"సదవడం రాకపోతే రాదని సెప్పాలండి. దానికి మమ్మల్ని అబద్ధాలకోరుల్ని చెయ్యాలా?"

ఆఫీసంతా చెవులు రిక్కించింది. చంద్రరావు పేపరు దించాడు. సంపూర్ణమ్మ లేచి నిలబడింది. ఆవిడకి తెలిసిన తిట్లు, వెక్కిరింపులు, ఎదటివాణ్ణి మట్టి కరిపించే మాటలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

"నాకు సరిగ్గా చదవడం రాలేదండీ. మీరు చెప్పిందే నిజం" అంది, అందరికీ వినపడేలా.

పెద్దింట్లమ్మ ఆవిణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. కోపం కూడా పోయి, ఇంతేనా ఈ మనిషి అన్నట్టు చూసింది.

"మీకన్నా ఆ కరణంగారి పిల్ల నయమండి" అంది. "మొహం సూపించకపోయినా, మాట నిలబెట్టింది."

సంపూర్ణమ్మ నకలు మడిచి ఆవిడ చేతిలో పెట్టి, వరసలో వెనక నిలబడ్డ మనిషిని రమ్మంది.